తీసి పక్కన పెట్టిన కడియం

నాకు మహిమ ఉన్నదని ప్రకటించినవారెవరూ ముందుగా నన్ను సంప్రదించలేదు. నేనొక రాగి కడియాన్ని. అంతకుముందు నీటి మోటారులో తీగచుట్టను. అప్పుడు నిజంగానే పనిచేశాను, ఎవరూ కళ్లకద్దుకోలేదు. మోటారు కాలిపోయాక కరిగించి, వంచి, మెరుగుపెట్టి, మచిలీపట్నం బస్టాండు ఎదుట గొడుగు కింద పరిచారు. "ఎంత నొప్పయినా లాగేసుద్దమ్మా!" అని అమ్మేవాడు అరుస్తుండగా నాగేశ్వరి నన్ను కొన్నది.

ఆమె భర్త నాంచారయ్య పెడనలో కలంకారీ అద్దకం పనివాడు. చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డమీద ఆనించి, పిడికిలితో కొట్టాలి. రోజుకు కొన్ని వేల దెబ్బలు. ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లగీత అచ్చు అతనిదే. మిగిలిన రంగులన్నీ ఆ గీతను నమ్ముకునే పడతాయి. ఆ ఏడు మణికట్టు నొప్పితో చెయ్యి వణికి, అచ్చుకూ అచ్చుకూ అతుకు దగ్గర గీత జంటగా పడసాగింది.

"రెండు నెలలు చూస్తా నాంచారయ్యా. ఆనక నువ్వు గుడ్డలు ఉడకబెట్టే కాడికెళ్లు" అన్నాడు యజమాని.

నన్ను తొడుక్కుని పదిహేను రోజులు ఎదురుచూశాడు. నేనూ చూశాను. అతని చర్మంమీద పచ్చటి మరక పడింది. నా ప్రభావం అంతవరకే.

ప్రభుత్వాసుపత్రిలో ఫిజియోథెరపిస్టు కరీమున్నీసా ముందు నన్ను తీయించింది. ఎముకలోనూ నరంలోనూ దోషం లేదని తేల్చుకున్నాక, మోచేతికి నాలుగు వేళ్ల కింద, ముంజేతి కండలో బొటనవేలు దింపింది.

"అమ్మో! నొప్పి అక్కడ కాదమ్మా, మణికట్టులో!"

"మణికట్టును ఆడించే కండలు ఇక్కడున్నాయి బాబాయ్. ఇవి బిగుసుకుంటే అది ఏడుస్తోంది."

ఆమె చెప్పిన వైద్యం: వేడినీటి గుడ్డతో కాపడం. మోచేతి నుంచి కిందికి నూనెతో నెమ్మదిగా నొక్కడం. చెయ్యి చాచి వేళ్లు వెనక్కి వంచి ముప్పై లెక్కపెట్టడం. పనిలో గంటకోసారి అచ్చు పక్కన పెట్టి చేతికి విశ్రాంతినివ్వడం. ఆసుపత్రి దాటగానే నాంచారయ్య నన్ను మళ్లీ తొడుక్కున్నాడు; రెండు పూటలా నాగేశ్వరి నన్ను తీసి కిటికీలో పెట్టి పని మొదలుపెట్టేది.

"వదులుగా ఉంచవయ్యా! నీ చెయ్యి నేనేమన్నా ఎత్తుకుపోతానా?"

ఆరో వారం గీత ఒంటిగా పడింది. యజమాని గుడ్డను వెలుతురుకు పట్టి అతుకు కోసం వెదికాడు. దొరకలేదు. మరో గుడ్డ తాను అతని ముందుకు జరిపాడు.

కీర్తి నాకు దక్కింది. అద్దకం బల్లల దగ్గర అందరూ నన్ను తాకి చూశారు. నొప్పి తగ్గిన పూటల్లో నేను కిటికీలో ఉన్నానన్న సాక్ష్యాన్ని ఎవరూ స్వీకరించలేదు. చివరకు, పక్కబల్ల వీరాస్వామి నొప్పెడుతున్న తన మణికట్టు చూపించి, నన్ను ఇమ్మని నాంచారయ్యను అడిగాడు.

"పెట్టుకో" అన్నాడు నాంచారయ్య. "కానీ పొద్దున, సాయంత్రం దీన్ని తీసి పక్కన పెట్టి, ముంజెయ్యి పావుగంట నొక్కించుకోవాల. లేకపోతే పనిచెయ్యదు."

"మరి చేతికుండి ఏం చేసుద్ది మావా?"

నాంచారయ్య నన్ను తీసి అతని చేతిలో పెట్టాడు.

"తియ్యాలని గుర్తుచేసుద్ది."

నా గురించి మనుషులు చెప్పినవాటిలో నేను ఒప్పుకోగలిగినది ఇదొక్కటే. ప్రస్తుతం వీరాస్వామి ఇంటి కిటికీలో ఉన్నాను. లోపల ఎవరో ముప్పైదాకా లెక్కపెడుతున్నారు.