ప్రశ్నగుర్తు కింద కుళ్ళాయప్ప

చోటు లేదంట, మళ్ళీ చోటు లేదంట, ఎంత పెట్టినా ఈ డబ్బాకు కడుపు నిండదు, అనుకుంటూ శశికుమార్ తన ఫొటో స్టూడియోలో మౌసును బల్లకేసి కొట్టాడు, హార్డ్ డిస్కు నిండిపోయింది, ఏదైనా తీసెయ్ అని తెరమీద పసుపుపచ్చ గుర్తు మొండికేసి కూర్చుంది, ఏం తియ్యాలి, నెల కిందటే కదా పాత పెళ్ళిళ్ళ ఫొటోలన్నీ తుడిచిపెట్టి సగం డిస్కు ఖాళీ చేసింది, ఆ ఖాళీని ఎవడు మేసేశాడు, వెనక బెంచీమీద ఓబమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది, వచ్చినప్పటి నుంచీ ఆమెది ఒకటే మాట, రేపు మీ మామ దినమప్పా శశీ, గోడకు పటం పెట్టల్ల, పూలమాల కూడా చెప్పినా, ఆయప్ప ఫొటో నీ కాడ తప్ప యాడా లేదు, రేషన్ కార్డులో ఉండాది కదత్తా అంటే, అది గోరంత ఉండాదప్పా, ఆ ముక్కు ఆయప్పదో నాదో కూడా తెల్దు అని నవ్వబోయి ఏడ్చేసింది, నిజమే మరి, బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను ముందు బతుకంతా నిలబడ్డ ఆమె మొగుడు కుళ్ళాయప్పను ఎప్పుడు చూసినా నెత్తి నుంచి పాదాల దాకా బూడిదరంగు బురదే, కనురెప్పలమీద కూడా, తాడిపత్రిలో ఆ మనిషి ముఖం ముఖంలా కనిపించింది ఒక్క పూటే, ఓనరు కూతురు నందిని పెళ్ళిలో, తలకు నూనె రాసుకుని, మడతలు పోని కొత్త చొక్కా తొడుక్కుని చదివింపుల వరసలో స్టేజీ ఎక్కినప్పుడు, ఆ వరసలో వచ్చిన ప్రతివాణ్ణీ ఫొటో తియ్యాల్సిందే, తియ్యకపోతే మా చదివింపు చదివింపు కాదా అని కొట్లాటకొస్తారు, ఆల్బంలోకి మాత్రం పెద్దమనుషులే పోతారు, మిగిలినవాళ్ళు కంప్యూటర్లోనే పడి ఉంటారు, గడ్డం కొంచెం ఎత్తు మామా అన్నాడు తను ఆరోజు, ఎత్తినాడు పాపం, బండ ఎత్తినంత కష్టంగా.

కరెంటు పోయింది, పోతాది, ఇప్పుడే పోవాలి దానికి, యూపీఎస్ కీచుకీచుమని అరుస్తోంది, ఫ్యాను ఆగేసరికి మెడమీద చెమటకు బండల దుమ్ము అంటుకుంటోంది, చోటంతా తిన్నది ఏదో వెతికితే దొరికింది దొంగ, బ్యాకప్పులు, తేదీల పేర్లతో బారులు తీరి, ఒకదాని వెనక ఒకటి, ఫొటోలు సర్దే ఆ సాఫ్ట్‌వేర్ మూసిన ప్రతిసారీ బ్యాకప్ తీసుకోమంటావా అని అడుగుతుంది, అవతల సువార్త ఫోన్‌లో అన్నం చల్లారిపోతాంది, ఆ డబ్బాతోనే కాపురం చేస్తావా ఏంది అని కేకలేస్తున్నా సరే, పెళ్ళాం మాట పక్కనబెట్టి తను భక్తిగా ఊఁ కొట్టేవాడు, నాయన నేర్పిన భక్తి అది, ప్రింటు పోతే పోనీరా, నెగటివ్ పోతే మనిషి పోయినట్టే అనేవాడు నాయన హనుమంతప్ప, నెగటివ్‌లను బిస్కెట్ డబ్బాల్లో బట్టచుట్టి దాచి, చోటు చాలకపోతే మాసిన ప్రింట్లు పారేసేవాడు, తనూ అదే కదా చేసింది, తెరమీద చూసుకునే ఫొటోలు ప్రింట్లు, బ్యాకప్ నెగటివ్, అందుకే ఫొటోల ఫోల్డర్లు ఎత్తి పారేశాడు, బ్యాకప్పుల జోలికి పోలేదు, ఇందులో తెలియకపోవడానికేముంది, ఇప్పుడు మాత్రం తప్పదు, పాత బ్యాకప్పులు నాలుగు తీసేస్తే సాఫ్ట్‌వేర్ మూలుగుతూ తెరుచుకుంది, నందిని పెళ్ళి, స్టేజీ, చదివింపులు, అదిగో కుళ్ళాయప్ప, అగ్గిపెట్టెంత బొమ్మలో గడ్డం ఎత్తుకుని, మూలన ఏదో ప్రశ్నగుర్తు, ఓబమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, ఆడుండాడు కదప్పా అని వెనక నుంచి కేక పెట్టింది.

ఉన్నాడు, ఉన్నాడు, ఉండత్తా, అని పెద్దది చేస్తే ముఖం అలుక్కుపోయింది, ప్రింటు కొడితే అసలు ఫొటో కనపడలేదంటోంది, బ్యాకప్ తెరిస్తే అదే బొమ్మ, అదే ప్రశ్నగుర్తు, ఇంకోటి తెరిస్తే అదే, తల ప్రాణం తోకకొచ్చి అనంతపురంలో ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ప్రవీణ్‌కు ఫోన్ కొట్టాడు, అసలు ఫొటోలు యాడ పెట్టినావన్నా అన్నాడు వాడు, తీసేసినా, తీసేసినావా, బ్యాకప్ ఉండాది కదప్పా, అయ్యో అన్నా, దాండ్లో ఫొటోలుండవన్నా, ఏ ఫొటో యాడుండాది, నువ్వు దానికి వెలుతురు ఎంత పెంచినావు, యాడ కత్తిరించినావు, అంతే రాసుకుంటాది, నీకు కనపడేది నమూనా బొమ్మ, మరి ఇంత చోటెందుకు తినిందిరా, రాసిందే మళ్ళీ మళ్ళీ రాస్తే తినదా అన్నా, పోనీ తీసేసినవి వెనక్కి లాగలేమా, యాడ లాగుతావు, ఆ ఖాళీలో నీ బ్యాకప్పులే వచ్చి కూర్చున్నాయి కదా.

ఫోన్ పెట్టేశాడు, ఎవరిని తిట్టాలి, ప్రవీణ్ గాణ్ణా, వాడు ముందే చెప్పి చావొచ్చు కదా, డబ్బానా, నెగటివ్ అని నూరిపోసిన నాయననా, కెమెరా కార్డు అయినా ఉంచుకున్నాడా అంటే అది ఆ వారమే ఇంకో పెళ్ళికి తుడిచేశాడు, అన్ని దారులూ తనే మూసుకున్నాడు, ఏమప్పా అయితాదా అంటోంది ఓబమ్మ, కరెంటు లేదత్తా మాపటికి రా అనే అబద్ధం నోటిదాకా వచ్చింది, మాపటికి మాత్రం ఏం మొలుస్తుంది, పోయిందత్తా, నేనే తీసేసినా, తెలీక తీసేసినా అన్నాడు, ఆమెకు అర్థం కాలేదు, ఆడుండాడు కదప్పా, చూడు, నన్నే చూస్తాండాడు అని వేలు తెరకు ఆనించింది, ఆ వేలు పక్కన కుళ్ళాయప్ప ఇంకా చిన్నగా కనిపించాడు, యూపీఎస్ గుక్కతిప్పుకోకుండా అరుస్తోంది, ఇంక ఆరిపోతుంది, చిరిగిన పాత పటాలకు నాయన కెమెరాను స్టాండుకు బిగించి ఎదురు ఫొటో తీసి కాపీ చేసేవాడు, ఆ స్టాండు అటకమీదుంది, దింపే వ్యవధి లేదు, కెమెరా చేత్తోనే పట్టి తెరముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు, కొంచెం జరగత్తా, ఊపిరి బిగబట్టాడు, కెమెరా అద్దంలో అలుక్కుపోయిన ఆ ముఖం, మూలన ప్రశ్నగుర్తు, అలవాటైన నోరు ఊరుకోదు కదా, గడ్డం కొంచెం ఎత్తు మామా అనేశాడు, వెనక ఓబమ్మ గొల్లుమంది, కుళ్ళాయప్ప గడ్డం ఆరోజు ఎత్తిన చోటే ఉంది, మీట నొక్కాడు, తెర ఆరిపోయింది, ఆ చీకటి తెరలో కెమెరా పట్టుకున్న తన ముఖమే కనిపించింది, వెలుతురు పెంచినా, నలుపు తగ్గించినా, చక్కగా కత్తిరించినా అని ప్రతిరోజూ తన పనితనాన్నే తను భద్రంగా దాచుకున్నాడు, మనుషుల్ని కాదు, ఆ పనితనానికి చోటు చాలకే కుళ్ళాయప్పను బయటికి నెట్టేశాడు.