కళ్ళు కడిగే కుళాయి

ఆ రసాయన ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని వెనకాల అందరూ చండశాసనమ్మ అనేవారు. ఎవరైనా చెప్పులేసుకొస్తే గుమ్మం దగ్గరే ఆపేసేది. "ఆవిడ ఊఁ అనకపోతే ఇక్కడ నీళ్ళు కూడా మరగవు" అని విద్యార్థులు నవ్వుకునేవారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆవిడ మీద ఒక్క మచ్చ లేదు.

ఆ ఉదయం పరిశోధన చేసే అమ్మాయి ఒకతె, గాజు సామాను నానబెట్టే క్షారం తొట్టిలోంచి ఫ్లాస్కు తీస్తోంది. ఆవిరి పట్టిందని రక్షణ కళ్ళద్దాలు నుదుటి మీదికి జరుపుకుంది. ఫ్లాస్కు జారి తొట్టిలో పడింది. క్షారం ఎగిరి ముఖాన కొట్టింది.

"అక్కా! కళ్ళు... మండిపోతున్నాయి!"

టెక్నీషియన్ ఒక్క అంగలో వచ్చి, ఆమెను గోడవారనున్న కళ్ళు కడిగే కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి మీట నొక్కింది. బుస్సుమని గాలి వచ్చింది. తుప్పు రంగు చుక్కలు రెండు రాలాయి. మళ్ళీ నొక్కింది. అవి కూడా లేవు.

కుళాయికి వేలాడుతున్న తనిఖీ కార్డు ఆవిడ కళ్ళెదుటే ఉంది. వారం వారం 'పనిచేస్తోంది' అని పెట్టిన సంతకాలన్నీ తనవే.

అమ్మాయిని సింకు దగ్గరికి ఈడ్చుకెళ్ళి, తల వంచి నీళ్ళ ధార కింద పెట్టి, వేళ్ళతో రెప్పలు విప్పి పట్టుకుంది. "మూయకు తల్లీ, మూయకు" అంటూనే ఉంది, అంబులెన్సు వచ్చేదాకా.

మధ్యాహ్నం ప్లంబరు వచ్చి చూశాడు. "ఈ లైను వాల్వు ఎప్పుడో కట్టేశారండీ. బిగుసుకుపోయింది. ఏళ్ళయుంటుంది."

శాఖాధిపతి ఆవిడను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. "ఎవరో నిన్ననే కట్టేశారని రాద్దామమ్మా. మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నొక్కితే నేలంతా తడుస్తుంది, తుడవాలి కదా అని... ఒక్కసారి కూడా నొక్కి చూడలేదు సార్." ఆ గొంతు ఎవరిదో అన్నట్టు వినిపించింది ఆవిడకే.

అదే మాట కాగితం మీద రాసిచ్చింది. మూడు నెలలు సస్పెండ్ చేశారు. భవనంలో కళ్ళు కడిగే మిగతా కుళాయిలు కూడా నొక్కి చూస్తే ఇంకో నాలుగు ఎండిపోయి ఉన్నాయి. వాటి కార్డుల మీదా సంతకాలున్నాయి, వేరేవాళ్ళవి.

అమ్మాయికి కుడికన్ను దక్కింది. ఎడమకంటికి వెలుగు మాత్రమే తెలుస్తోంది. టెక్నీషియన్ ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, దాచకుండా చెప్పింది.

"మీరా అక్కా?" అంది అమ్మాయి. "ఇంకెవరైనా అయితే నమ్మేదాన్ని."

అని గోడవైపు తిరిగి పడుకుంది. వాళ్ళమ్మ వచ్చి "ఇక వెళ్ళమ్మా" అనేదాకా టెక్నీషియన్ అలాగే నిలబడిపోయింది.