బిడ్డకు పట్టిన నీళ్లు

"మరిగిందా? బాగా మరిగిందా?"

అత్త బ్వేనా చాప మీద నుంచే అడిగింది. రోజూ అడుగుతుంది. పక్కింటివాళ్లు వాకిట్లో ఉంటే ఇంకాస్త గట్టిగా అడుగుతుంది. "మరిగింది అత్తయ్యా" అంది రోరేతి, కొబ్బరి డొప్పల పొగకు మండుతున్న కళ్లు మోచేత్తో తుడుచుకుంటూ.

బ్వేనా చెడ్డదేం కాదు. మనవడి బెంగ ఆమెకూ ఉంది. కానీ ఆ ప్రశ్న వెనక ఏముందో ఊరందరికీ తెలుసు. రెండేళ్ల కిందట, ఇంకా అడుగులు వేయని రోరేతి కొడుకు బెటెరో వాంతులు, విరేచనాలతో చేతుల్లోనే పోయాడు. ఆఫీసు తొందరలో తల్లి నీళ్లు కాచకుండా పోయిందట, పసివాడికి పచ్చి నీళ్లే గతయ్యాయట. ఎవరు మొదట అన్నారో గాని అదే నిలిచిపోయింది. బిడ్డను బావికి అవతల పడుకోబెట్టి తెల్ల గులకరాళ్లు పరిచారు. చేద వేసిన ప్రతిసారీ ఆ రాళ్లు కనిపిస్తాయి. చూడకుండా నీళ్లు తోడటం రోరేతికి ఇంకా చేతకాలేదు. ఆ పెరట్లోనే వాన నీళ్ల ట్యాంకు ఒకటుంది, తాళంతో సహా. ఆ నీళ్లు పాస్టరుగారి టీకి, మామగారి మందుబిళ్లలకు. ఆడవాళ్లకూ పిల్లలకూ బావి ఉండనే ఉంది, మామగారి తండ్రి తవ్విన బావి, పేరున్న బావి.

నిజానికి ఆ రోజు ఆమె నీళ్లు కాచింది. పెద్ద కెటిల్ నిండా కాచి, మూత పెట్టి, "బాబు పాలకు ఇవే, మర్చిపోకు" అని భర్త కౌరేకు చెప్పి మరీ వెళ్లింది. కౌరేకు ఆ రోజు సెలవు. స్నేహితులు పేకాటకు వచ్చారు, కెటిల్ వాళ్ల టీకి ఖాళీ అయింది. బిడ్డ ఏడిస్తే పాలపొడిని బావి నీళ్లలోనే కలిపి పట్టాడు. బిడ్డను పాతిపెట్టి వచ్చిన సాయంత్రం తనే చెప్పాడు, వెక్కి వెక్కి ఏడుస్తూ. "అమ్మకు చెప్పకు రోరేతీ. నాన్న ముందు తలెత్తుకోలేను." సరే అంది. ఆమె తల దించుకోవాల్సి వస్తుందని అతనికి ఆ ఏడుపులో తోచలేదు. తర్వాత తోచిందేమో, కానీ ఏమీ అనలేదు. అతని మీద జాలిపడి ఇచ్చిన మాట అది. ఆ జాలి ఎప్పుడు అయిపోయిందో ఆమెకు తెలియదు, మాట మాత్రం మిగిలింది.

నీళ్ల ఆఫీసులో ఆమె హోదా పేరు బారెడు. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి మంచినీళ్లు చేసే ప్లాంటు కోసం గుడిసె గుడిసె తిరిగి, ఏ ఇంట్లో ఎన్ని నోళ్లున్నాయో రాసుకొచ్చింది ఆమే. మీటింగుల్లో టీ పోసేదీ ఆమే, వచ్చిన దొరల మాటలు ఊరివాళ్లకూ ఊరివాళ్ల మాటలు దొరలకూ చెప్పేదీ ఆమే. ఈ దీవిలో ఇసుక కింద తీపినీళ్లు పలచగా తేలుతుంటాయి. కింద నుంచి సముద్రం తింటోంది, పై నుంచి పందుల దొడ్లూ మరుగుదొడ్లూ దిగుతున్నాయి. ఏ ఊరు ఒప్పుకుంటే ఆ ఊళ్లో ముందు కుళాయిలు. కాదన్న ఊరిని దాటి పైపు ముందుకు పోతుంది. తమ ఊరు కాదంటే, ఐదేళ్లు నిండని తన కూతురు మేరే ఇంకెన్నేళ్లు ఆ బావి నీళ్లే తాగాలో రోరేతికి బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నమే, ఊరందరూ కూడే పెద్ద పాక మనేబాలో సభ. బయల్దేరేముందు కౌరే చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు: "నాన్న ఏమన్నా అన్నది అన్నట్టే దొరకు చెప్పు. మధ్యలో నీ సొంతం కలపకు."

మనేబా కప్పు కింద ప్రతి కుటుంబానికీ తాతలనాటి చోటుంది. ఎవరి చోట వాళ్లు కూర్చునే మాట్లాడాలి, వేరే చోట నుంచి మాట్లాడితే అది మాటే కాదు. రోరేతి మాత్రం మధ్యలో, ఇంజినీరు డంకన్ పక్కన, ఎవరి చోటూ కాని చాప మీద కూర్చుంది.

మామగారు ఇటాకా గొంతు సవరించుకున్నాడు. "మా బావికేం రోగం? మా నాన్న తవ్వాడు, నేను తాగి ఇంతవాణ్నయ్యాను. ఆ ఉప్పునీళ్ల మిషను కావాల్సినవాళ్లకు పెట్టుకోండి. మా ఇంట్లో ఒక పసివాడు పోయాడు, దాచేదేముంది. తల్లి నీళ్లు కాచకుండా ఉద్యోగానికి ఉరికింది. ఆడదాని బద్ధకానికి బావిని అంటే ఎలా?"

ముసలివాళ్లు తలలూపారు. ఒకరిద్దరు ఆమె వైపు చూసి చూపు తిప్పుకున్నారు. డంకన్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. రోరేతి చెప్పింది. ఒక్క ముక్క వదలకుండా, బద్ధకాన్ని కూడా వదలకుండా, తన మీద పడ్డ నిందను తానే శుభ్రంగా ఇంగ్లీషులో పెట్టింది. కౌరే చాప అల్లికను వేలితో గీస్తున్నాడు.

డంకన్ మెల్లగా అడిగాడు. ఆమె దాన్నీ ఊరి భాషలోకి మార్చింది: "ఆ తల్లి ఇక్కడుందా అని అడుగుతున్నాడు. ఉంటే, ఆ రోజు ఏం జరిగిందో ఆమె నోటితో వినాలంటున్నాడు."

మనేబాలో అతిథి అడిగాక జవాబు చెప్పకపోవడం ఊరంతటికీ అవమానం. ఇటాకా కూడా అడ్డు చెప్పలేకపోయాడు. బ్వేనా కొంచెం జరిగి, కొడుకు పక్కన చోటిచ్చి, "రా అమ్మాయ్, ఇక్కడ కూర్చుని తప్పయిందని చెప్పేయ్. మనసు తేలికవుతుంది" అంది. నిజంగా ప్రేమగానే అంది.

రోరేతి లేచింది. ఆ చోటు దాటి నడిచింది. ఉత్తరం వైపు స్తంభం దగ్గర, తన నాన్న పోయాక ఎవరూ కూర్చోని చోట కూర్చుంది. పెళ్లయిన ఆడది పుట్టింటి చోట కూర్చుందంటే అత్తింటి మాట ఇక ఆమె మోయదని అర్థం. సభలో గుసగుస లేచి అణిగింది.

"నేను నీళ్లు కాచి పెట్టే వెళ్లాను" అంది. "ఆ నీళ్లు టీకి అయిపోతే, బిడ్డకు బావి నీళ్లు కలిపి పట్టింది కౌరే. మన బావి మంచిదని పుట్టినప్పటి నుంచి విని, నమ్మి పట్టాడు. నా కూతురికి ఆ నమ్మకం వద్దు, కుళాయి కావాలి."

డంకన్‌కు ఏమీ అర్థం కాలేదు. ఖాళీగా ఉన్న తన పక్క చాపను, దూరంగా కూర్చున్న రోరేతిని చూశాడు. ఇంగ్లీషు వచ్చినవాడు అక్కడ ఇంకొకడే ఉన్నాడు. "ఆమె ఏమంది?" అని కౌరేను అడిగాడు.

తల్లి కొడుకు ముఖం వంకే చూస్తోంది. "బిడ్డకు... ఆ నీళ్లు పట్టిందెవరంటే..." అని కౌరే ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయాడు. సాయం కోసం భార్య వైపు చూశాడు.

రోరేతి మాట అందించలేదు.