నలభై ఒకటో వరుస దగ్గర

తిరగడం పనిచేయడం ఒకటే అయితే నా ప్రోగ్రాం అంత కష్టజీవి లోకంలో ఉండదు, మధ్యాహ్నం రెండింటి నుంచీ తిరుగుతూనే ఉంది, ఒక్క పేరూ బయటికి రాదు, గడియారంలో నాలుగూ ముప్పై ఐదు, ఐదింటికల్లా రేపటి డయాలసిస్ జాబితా కింది అంతస్తుకి చేరకపోతే ఎవరు ఎన్నింటికి రావాలో హెడ్ నర్సు ఫోన్ చేసి చెప్పడానికి ఉండదు, పొద్దున్నే అందరూ ఒక్కసారే వచ్చి వాచిన కాళ్లతో బెంచీల మీద పడిగాపులు పడతారు పాపం, అంతా నా అతితెలివి వల్లే, పాత ప్రోగ్రాం ఒక్కో రోగికీ నెల రోజుల చిట్టా మొదటి నుంచీ తిరగేసేది, అరగంట పట్టేది, ఒక్కసారి చూసి గుర్తుపెట్టుకుంటే చాలదా అని నేను వరుస వెంట వరుస చుట్లు తిరిగే కొత్త లూపు రాసి, నిమిషంలో అయిపోతుంది చూడండి సార్ అని గొప్పలు పోయాను, కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా, ఇప్పుడు పాతది నడుపుదామన్నా అరగంట లేదు.

వెనక పెన్సిల్ సార్ నిలబడ్డారు, చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు, ఇక లే, జరుగు అంటారనుకున్నాను, పాత ఆఫీసులో మేనేజరు అలాగే కుర్చీ లాక్కుని టకటకా ఏదో కొట్టి, ఇది కూడా తెలీదా అని నలుగురిలో నవ్వేవాడు, ఏం మార్చాడో ఏనాడూ అర్థమయ్యేది కాదు, కానీ సార్ చేతులు వెనక్కి కట్టుకుని, కీబోర్డు వదిలెయ్ తల్లీ, ఆ లూపు నువ్వే అనుకో, ఒక్కో చుట్టుకీ ఏ వరుసలో ఉన్నావో కాగితం మీద రాయి అన్నారు, టైము లేదు సార్ అంటే, ఉందిలే, రాయి అని పెన్సిలు చేతికిచ్చారు, ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై ఒకటి, అక్కడే ఎందుకు ఆగావమ్మా, అక్కడ పేరు లేదు సార్, ఖాళీ వరుస, ఖాళీ అయితే వదిలేసి లూపు పైకి పొమ్మని రాశాను, తర్వాతి వరుసకి వెళ్లమన్న లైనేమో అడుగున ఉంది, అయ్యో, అక్కడిదాకా రాకుండానే పైకి పోతోంది, కథ మళ్లీ మొదటికే, ఆ ఒక్క లైనూ తీసి పైన పెట్టాను, నిమిషం కూడా పట్టలేదు, జాబితా బొలబొలా రాలింది, నా కళ్లలోంచి నీళ్లు కూడా.

వెంటనే కిందికి ఫోన్ చేసి, సిస్టర్, జాబితా పంపుతున్నా, ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి అన్నాను, ఇంకో జాబితా ఎందుకమ్మా అందావిడ, మీ సార్ పాత ప్రోగ్రాంలోనే తీసి మూడున్నరకే ఇచ్చారుగా, ఫోన్లు కూడా చేసేశాను, మా జాబితాలో నలభై ఒకటో ఆయన మాత్రం ఇక రాడు, పేరు తీసేశాం, తమ్ముడి కిడ్నీ పెట్టారు, హాయిగా ఉన్నాడు, ఆ మాట వినగానే నా తప్పు మీద కూడా ప్రేమ పుట్టింది, ఇటు తిరిగితే సార్ సంచీ సర్దుకుంటున్నారు, మీకు ముందే తెలుసా సార్ అంటే, ఏమిటమ్మా అన్నారు అమాయకంగా, తెలుసు, మూడున్నరకే తెలుసు, కింద వాళ్లకి జాబితా ఇచ్చేసి, పైన నాకు మాత్రం నా తప్పు నేనే పట్టుకునే టైము ఇచ్చారు.