మెత్తటి స్ప్రింగు

జాస్మిన్, వాచ్‌మన్ కొడుకు మహేందర్ బండి యాక్సిలరేటర్‌ని అవసరానికి మించి మెత్తగా చేసింది. జరిగిన పొరపాటు అదే.

ఆమె మెకానికల్ డిప్లొమా చదివి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషి. చేతికి పని లేకపోతే తోచదు. ఆదివారం చర్చి నుంచి రాగానే చీర మార్చుకుని, నల్లగండ్లలో తాముండే అపార్ట్‌మెంట్ సెల్లార్లో బళ్ళ దగ్గర కూర్చునేది. హ్యాండిల్ పిడి ఊడదీసి తుడిచేది. కేబుల్ పైకొసలో చుక్కచుక్కగా నూనె వదిలి, అది కింద కార్బురేటర్ దగ్గర కారేదాకా ఆగేది. కేబుల్‌లో బియ్యపుగింజంత లూజు ఉంచి, ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసేది. ఇంజను దానంతటది రేజ్ కాకపోతే పని అయినట్టు.

ఆమె సరిచేసిన బండి నడిపితే మనసు కూడా కుదుపులు మానేసేది. యాక్సిలరేటర్ ఎంత మెత్తనైతే మనిషి అంత మెత్తన. లిఫ్టు ఏ అంతస్తులో ఆగిపోతుందో తెలిసినట్టే ఈ సంగతీ అందరికీ తెలుసు. ఏ ఇంటికైనా అత్తగారు వస్తోందంటే ఆ ఇంటాయన బండి ముందే సెల్లార్లో సిద్ధంగా ఉండేది.

"మరీ మెత్తగా చెయ్యకండి జాస్మిన్ గారూ," అంది మూడో అంతస్తు రూబీ. "ఈ నెల మా ఆయన మేనేజరుతో గొడవ పెట్టుకోవాలి. కాస్త పౌరుషం ఉంచండి."

"రెండు చుక్కలు తగ్గిస్తాలెండి."

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు. వాచ్‌మన్ పోచయ్య భార్య లక్ష్మమ్మ కొడుకు బండి తోసుకుంటూ వచ్చింది.

"మేడమ్, జర మా మహేందర్ బండి సూడు. మెత్తగ జెయ్యి. మస్తు మెత్తగ."

"ఏమైంది లక్ష్మమ్మా?"

"ఆని దోస్తు, మా ఊరి పోరడే, తెలంగాణ రాదని పానం తీసుకుండు. దినాలైనయి. అప్పటి సంది ఈడు తింటలేడు, పంటలేడు. ‘నేను గూడ పోతనే అవ్వా’ అంటుండు." ఆమె ఏడవలేదు. "ఒక్కడే మేడమ్."

జాస్మిన్‌ది తెనాలి వైపు. ఆ రోజుల్లో ఆ మాట పైకి చెప్పకుండా తిరిగేది. సమ్మె మంచిదా చెడ్డదా అని ఎవరడిగినా "తెలీదండీ" అనేది. నిజంగానే ఆమెకేమీ అనిపించేది కాదు. ఆమె బండి కూడా ఆమె మెత్తగా చేసుకున్నదే.

దీనికి నూనె చాలదనుకుంది. కార్బురేటర్ విప్పి, లోపలి స్ప్రింగు తీసేసి, సగం బలం ఉన్నది వేసింది. పిడి చిటికెనవేలితో తిరిగింది. వదిలేస్తే వెనక్కి రావడానికి తొందరపడలేదు.

మహేందర్ బతికాడు. ర్యాలీలు మానేశాడు. డిగ్రీ పరీక్షలు రాసి, గచ్చిబౌలిలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. ఎవరు తిట్టినా "సరే సార్" అనేవాడు. చచ్చిపోయిన దోస్తు తల్లి వచ్చి ఏడుస్తుంటే టీ తెచ్చిచ్చి, టీవీ చూస్తూ కూర్చున్నాడు.

పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైన సాయంత్రం గేటు బయట టపాసులు, గులాల్. పోచయ్య చెప్పులు ఎక్కడో పోగొట్టుకుని ఎగురుతున్నాడు. మహేందర్ సెల్లార్లో టిఫిన్ డబ్బా కడుక్కుంటున్నాడు.

"వచ్చింది గదరా!" పోచయ్య పరుగున వచ్చి కొడుకు భుజం పట్టి కుదిపాడు.

"మంచిగైంది నాయినా." డబ్బా బోర్లించి, అక్కడే బండి ఆపుతున్న జాస్మిన్ వైపు తిరిగాడు. "మా దోస్తు పేరు యాదికొస్తలేదు మేడమ్," అన్నాడు, కరెంటు పోయిందని చెప్పినట్టు.

జాస్మిన్ పైకెళ్ళి పనిముట్లు తెచ్చింది. లక్ష్మమ్మ బండికి అడ్డం నిలబడింది.

"వద్దు. నా కొడుకు గిట్లనే మంచిగున్నడు."

"బతికున్నాడు. అంతవరకే."

"నీకేం తెలుస్తది? నీ కొడుకా?"

"కాదు. చేసింది మాత్రం నేనే." మహేందర్‌ని అడిగింది, "బాధ మళ్ళీ మొదలవుతుంది. గట్టి స్ప్రింగు వెయ్యనా?"

"మీ ఇష్టం మేడమ్."

అతనికి ఇష్టమనేది మిగల్లేదు కాబట్టి ఆమే నిర్ణయించింది. లక్ష్మమ్మని తప్పించి వేసింది.

అతను బండి మీద గోపన్‌పల్లి దాకా వెళ్ళి వచ్చాడు. స్టాండు వెయ్యలేదు, బండి పక్కకి పడిపోయింది. నేలమీద కూలబడి, దోస్తు పేరు పెట్టి "ఎల్లేశా" అని అరిచాడు. ఆ టపాసుల మోతలోనూ అది వినిపించింది. చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి, ఏడుస్తూనే వెళ్ళి తండ్రి పక్కన ఎగిరాడు.

ఇప్పుడతను సూపర్‌వైజర్లతో కొట్లాడతాడు, ఉద్యోగాలు మారుతుంటాడు. అనూష అనే అమ్మాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. లక్ష్మమ్మ జాస్మిన్‌తో మాట మానేసింది. కొడుకు గిన్నె విసిరినప్పుడల్లా మాత్రం రూబీ చేత కబురు పంపుతుంది, మళ్ళీ మెత్తగా చెయ్యమని. జాస్మిన్ వింటుంది, కుదరదంటుంది. పనిముట్లు లింగంపల్లిలో ఓ మెకానిక్‌కి ఇచ్చేసింది. ఆ తర్వాత ఏ బండినీ ముట్టుకోలేదు.