బాయిలర్ బాగుపడ్డాక

కార్తీకం ఇంకా వెళ్ళలేదు. అప్పుడే ఉదయగిరిలో చలి దిగింది. పొద్దున లేచి చూస్తే కొండ మీద దుర్గం ఉండాల్సిన చోట మంచు తప్ప ఏమీ కనిపించదు. ఆ రోజుల్లోనే మధులత ఇంట్లో బాయిలర్ చెడింది.

పాత రాగి బాయిలర్ అది. పెరట్లో మూడు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. నడుమ ఉన్న గొట్టంలో పుల్లలు వేసి మంట పెడితే, గొట్టం చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. ఆ గొట్టానికి లోపలెక్కడో చిల్లి పడింది. నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిప్పు మీద పడి, మంట ఆరిపోయి, పెరడంతా పొగ. కళ్ళు మండేదాకా ఊదినా కొళాయిలోంచి వచ్చేవి గోరువెచ్చని నీళ్ళే.

ఇంకొకరింట్లో అయితే ఇది చిన్న సంగతి. మధులత భర్త మోహన్‌కృష్ణ లారీ తోలేవాడు. ఎండాకాలంలో ఒకనాడు మర్రిపాడు దాటాక బండి పక్కకు ఆపి, దిగబోయి, దిగలేకపోయాడు. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. చలికి ఆ పక్క కర్రలా బిగుసుకుంటుందని, రోజూ వేణ్ణీళ్ళు పోసి కాళ్ళూ చేతులూ సాగదీయాలని డాక్టరు చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎడమ పక్క అతనికి వేడి తెలియదు, చల్లన తెలియదు. నీళ్ళు చూసి పొయ్యాలి.

ఆ మాట విన్నప్పుడు మధులతకు కలిగింది జాలి కాదు. తన చేతులంటే భయం.

చాలా ఏళ్ళ కిందట, లోడు దించి ఇంటికొచ్చిన మోహన్‌కృష్ణకు వీపు మీద ఆమె నీళ్ళు పోస్తోంది. నీళ్ళు అతను కోరినంత వేడిగా లేవు. అతను లేచి బకెట్టు ఎత్తి ఆమె తల మీద కుమ్మరించాడు. పెరట్లో కూర్చున్న అతని తోటి డ్రైవర్లు నవ్వారు. గొర్రెలు కడిగే నీళ్ళు పెట్టింది రా నాకు అని వాళ్ళతో చెప్పాడు. ఆమెది సీతారామపురం దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆ తడి చీరతోనే ఆమె అందరికీ టీ కాచి ఇచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బలే తిన్నది. అవి మానాయి. ఇది మానలేదు. ఒకసారి ఆ సంగతి ఎత్తితే అతను "ఎప్పుడే?" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే గుర్తులేదు. అతను మరిచిపోయిందాన్ని ఇన్నేళ్ళు తానొక్కతే కాపలా కాస్తున్నట్టు ఆమెకు అప్పుడు తెలిసింది.

అందుకే మొదట్లో ఎంతో జాగ్రత్త పడేది. ముందు బకెట్టులో సగం చన్నీళ్ళు, వాటి మీద వేణ్ణీళ్ళు, మోచెయ్యి ముంచి చూడడం, ఆ తర్వాతే మగ్గు ముట్టుకోవడం. ఎవరో వెనక నిలబడి కనిపెడుతున్నట్టుగా చేసేది.

బాయిలర్ చెడ్డాక ఆ జాగ్రత్తలన్నీ పోయాయి. కొళాయిలోంచి వచ్చేవే గోరువెచ్చనివి, వాటికి చన్నీళ్ళెందుకు? బకెట్టు పట్టడం, పొయ్యడం, అంతే. కుడి పక్క చలికి వణికి మోహన్‌కృష్ణ తిట్టేవాడు. ఆ తిట్లు ఆమెకు నిశ్చింతగా ఉండేవి. తిట్టగలుగుతున్నాడంటే తన చేతుల మీదుగా అతనికి కీడేమీ జరగలేదని అర్థం.

గ్యాసు మీద కాస్తే సిలిండరు నెల కూడా రాదు. గీజరు పెట్టిద్దామంటే అతను వద్దన్నాడు. కరెంటు నీళ్ళు ఒంటికి పట్టవట. పక్కింటి శీనమ్మ సున్నమూ బెల్లమూ కలిపి నూరి చిల్లికి పెట్టమంది. రెండు పూటలు నిలిచి రాలిపోయింది. చలి ముదిరేకొద్దీ అతని ఎడమ చెయ్యి ముడుచుకుని రొమ్ముకు అతుక్కుంది. గోళ్ళు అరచేతిలో దిగి పుండు పడింది. అది అతనికి తెలియలేదు. వేళ్ళు విడదీస్తే వాసన వచ్చి ఆమెకు తెలిసింది.

ఇక తప్పలేదు. ఉదయగిరి వెల్డింగ్ షాపులో రాగి పని తమకు రాదన్నారు. ఆత్మకూరులో ఫ్రిజ్‌లు బాగుచేసే పెంచలప్రసాద్ రాగి గొట్టాలు అతుకుతాడని చెప్పారు. బాయిలర్‌ను గోనెపట్టాలో చుట్టి బస్సులో వేసుకుపోయింది. అతను పట్టా విప్పి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏందక్కా ఇది, దుర్గం మీద నుంచి దొర్లించుకొచ్చినావా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది. ఎవరికోసమని అతను అడిగితే మా ఆయనకని చెప్పింది, మిగతాది చెప్పలేదు. పాత గొట్టం కోసేసి కొత్తది అతికాడు. కొళాయి కూడా మార్చాడు. అక్కడే నాలుగు చెక్కముక్కలు వేసి మంటపెట్టి, పొగ లేకుండా మండుతోందని చూపించాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది. పని అయిందన్న తృప్తి కలగలేదు. ఏదో పోగొట్టుకుని వస్తున్నట్టు ఉంది.

మరునాడు పొద్దున మంట ఊదకుండానే అంటుకుంది. మోహన్‌కృష్ణను స్నానాలగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. కొళాయి కింద బకెట్టు పట్టి తెచ్చింది. నీళ్ళలోంచి ఆవిరి లేస్తోంది. ఆమె ఆవిరిని చూసింది. చలిపొద్దు కదా, ఆవిరి లేస్తుంది అనుకుంది. లేదా ఏమీ అనుకోలేదు. ఇన్నాళ్ళూ కొళాయి నీళ్ళు తిన్నగా పోసిన చెయ్యి చన్నీళ్ళ తొట్టి వైపు తిరగలేదు. ఆవిరిని చూడడానికీ మగ్గు ముంచడానికీ మధ్య కొంచెం ఎడం ఉంది. ఆ ఎడంలో తన మనసు ఎక్కడుందో ఆ తర్వాత ఎన్నిసార్లు వెతికినా ఆమెకు దొరకలేదు.

ఎవరికి నీళ్ళు పోసినా మొదట కాళ్ళ మీద పోసి అడగడం వాళ్ళ ఇళ్ళలో అలవాటు. ఆమె నిలబడ్డ వైపు ఉన్నది ఎడమ కాలు. పోసింది.

"సరిపోయిందా?"

"ఏం సరిపోవడం? ఆత్మకూరు దాకా ఊరేగించి తెచ్చినావు, దీనికేనా?"

రెండో మగ్గు ఎడమ తొడ మీద పోసింది. చర్మం ఎర్రబడింది. ఆమె ఆగింది.

"పొయ్యి మే. చెయ్యి పడిపోయింది నాకా, నీకా?"

మూడో మగ్గు పోసింది. ఆ నీళ్ళు బండ మీద పారి అతని కుడి పాదం కిందకు చేరాయి. అప్పుడు అరిచాడు.

అంబులెన్సులో ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. తొడ నుంచి పాదం దాకా తోలు పొరలుగా లేచింది. అతను దాన్ని వేరే ఎవరి కాలో చూసినట్టు చూశాడు. కట్టు కడుతూ నర్సు ఎవరు పోశారని అడిగింది. మధులత నోరు తెరిచింది. ఆమె కంటే ముందు అతనే జవాబు చెప్పాడు.

"నేనే పోసుకున్నా. ఈమె పాలకు పోయుండాది."

నర్సు ఇద్దరినీ మందలించి వెళ్ళింది. అబద్ధం చెప్పిన అతని గొంతు మధులతకు బాగా తెలుసు. లోడు ఆలస్యమైందని, టైరు పంచరైందని, ఏళ్ళ తరబడి తనతో చెప్పిన గొంతు. ఆ గొంతుతో అతను ఇప్పుడు ఆమెను కాపాడాడు. లేక పెళ్ళాం చేతిలో కాలిన మగవాడిగా నలుగురి నోళ్ళలో పడకుండా తనను తానే కాపాడుకున్నాడా? అడగలేకపోయింది. అడిగింది అతనే.

"తెలిసే పోసినావా?"

"ఏమో," అంది మధులత. అతనితో అంత నిజం ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"ఇంటికి పోయినాక గూడా నువ్వే పొయ్యాల. ఇంకెవురుండారు నాకు," అన్నాడు. తర్వాత, "ముందు నీ చెయ్యి మీద పోసుకో. నేను చూస్తా."

ఇప్పుడు రోజూ అలాగే జరుగుతోంది. కట్టు ఉన్న కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టి అతన్ని కూర్చోబెడుతుంది. బకెట్టులో అతను చెప్పినన్ని చన్నీళ్ళే కలుపుతుంది. మొదటి మగ్గు తన ముంజేతి మీద పోసుకుంటుంది. మోహన్‌కృష్ణ నీళ్ళను చూడడు, చేతిని చూడడు. ఆమె ముఖాన్ని చూస్తాడు. ముంజెయ్యి ఎర్రబడినా ఆమె ముఖంలో ఏదీ కదలనివ్వదు. చాలనే మాట అతనే అనాలి. అనడానికి అతను తొందరపడడు. ఆమె మళ్ళీ మగ్గు ముంచి తన చేతి మీద పోసుకుంటుంది.