కలెక్టరమ్మ జీను

నేను ఒక జీనుని. గుర్రం వీపు మీద వేసే జీనుని. ముందే చెబుతున్నాను, నన్ను చూసి "ఇదేం కుర్చీ, కాళ్ళు విరిగిపోయాయా?" అని అడిగేవాళ్ళతో నాకు మాటల్లేవు. మొన్న షామియానాలు కట్టే పెద్దమనిషి ఒకాయన నా మీద టీ గ్లాసు పెట్టి, పక్కనే పకోడీల పొట్లం విప్పాడు. పెళ్ళికొడుకు కూర్చున్న చోటు నాయనా అది! నూనె మరక ఇంకా పోలేదు.

పూర్వాశ్రమంలో నేనొక గేదెని. రూపెనగుంట్లలో పాడి ఉన్నంతకాలం బాగానే బతికాను. పోయాక నా చర్మం నరసరావుపేట చేరింది. సున్నపు నీళ్ళలో ఊరేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క దంచి పోసిన లంద తొట్టిలో నన్ను ముంచారు. ఆ లంద కంపు సంగతి అడక్కండి. అందులో నానినన్నాళ్ళకి నా గేదెతనం పోయింది గానీ పొగరు పోలేదు. బతికున్నప్పుడు కాకులు నా మీదెక్కేవి, చచ్చాక నేను గుర్రమెక్కాను. ఇంతకంటే ప్రమోషన్ ఎవరికొచ్చిందో చెప్పండి.

నన్ను కుట్టినవాడు ఏలియా. స్టేషన్ రోడ్డులో జట్కా స్టాండు పక్కన రేకుల షెడ్డు అతనిది. కళ్ళేలు, పగ్గాలు, కంటి గంతలు, పేటలో ఏ గుర్రం ఒంటి మీద తోలు కనబడినా అది ఏలియా చేతిపనే. మనిషి పొట్టి, కోపం పొడుగు. టేపు ముట్టుకోడు. "టేపు దర్జీలకయ్యా, తోలు పనికి చెయ్యే టేపు" అంటాడు. గుర్రం వీపు మీద సీసపు బద్ద వంచి, ఆ వంపుని చెక్క మీద గీసుకుంటాడు. పొట్ట చుట్టూ తాడు తిప్పి ముడేస్తాడు. ఇక జన్మలో ఆ గుర్రాన్ని కొలవడు. వాళ్ళ తాత పెట్టిన నియమమట. రెండోసారి కొలిస్తే మొదటిసారి చెయ్యి తప్పిందని ఒప్పుకున్నట్టేనట. ఈ నియమమే మా అందరి కొంపా ముంచింది.

నన్ను చేయించుకున్నవాడు బుడేసాయిబు. ఏలియాకి ప్రాణస్నేహితుడు, జట్కా తోలేవాడు. ఊళ్ళోకి ఆటోలొచ్చాక జట్కా ఎక్కే నాథుడు లేక బండి అమ్మేసి, గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులకు తిప్పుదామనుకున్నాడు. అది ఆడగుర్రం, తెల్లది, వయసు మళ్ళింది. జనం పక్కకి తప్పుకుంటే గానీ అడుగు వేయదు గనక స్టాండులో అందరూ దాన్ని కలెక్టరమ్మ అనేవాళ్ళు. ఆ ఏడు కోటప్పకొండ తిరునాళ్ళలో అది పలుపు తెంచుకుని పోయి, మర్నాడు రంగులరాట్నం వాళ్ళ మగగుర్రంతో కలిసి జొన్నచేలో కనబడింది. "మా కలెక్టరమ్మ ఎంత ధైర్యస్తురాలో!" అని సాయిబు ఆ కథ ఊరంతా చెప్పుకున్నాడు. అంతకు మించి ఆలోచించే అలవాటు ఆ స్టాండులో ఎవరికీ లేదు.

తిరునాళ్ళయిన కొత్తల్లోనే ఏలియా కొలత తీసుకున్నాడు. కొయ్య చట్రం చెక్కి, నన్ను తడిపి దాని మీద సాగదీసి, గూటంతో మోది, మైనం పట్టించిన దారంతో కుట్టు మీద కుట్టు వేశాడు. ఇత్తడి పువ్వులు పెట్టాడు. ఎర్ర మఖమల్ పరిచాడు. వానాకాలమంతా నా మీదే కూర్చున్నాడు మహానుభావుడు. పని పూర్తయిన రోజున నన్ను ఎత్తిపట్టుకుని ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు. నేను కూడా అద్దంలో చూసుకోవాలన్నంత మురిసిపోయాను.

ఆ మురిపెం కలెక్టరమ్మ వీపు ఎక్కేదాకానే. వీపు మీద సరిగ్గానే కూర్చున్నాను. కానీ పొట్ట కిందనుంచి తెచ్చి బిగించే పట్టీ ఉంటుందే, అది అవతలికి చేరలేదు. నాలుగు వేళ్ళు తక్కువైంది.

"ఏంది ఏలియా, తోలు ముడుచుకుపోయినట్టుందే?" అన్నాడు సాయిబు.

"తోలు ముడుచుకోలా. నీ గుర్రం ఉబ్బింది. పనీపాటా లేకుండా నిలబెట్టి ఉలవలు మేపితే ఉబ్బక ఏం చేస్తది?"

"నా మేతకి వంక పెడుతున్నావా?"

"నా చేతికి వంక పెడితే పెట్టనా మరి?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకడు నన్ను తిట్టాడు, ఇంకొకడు ఉలవల్ని తిట్టాడు. ఇక సాయిబు భార్య కాశింబీ సంగతి. నలుగురు బిడ్డల తల్లి. ఆమె ఒకరోజు ఇద్దరి మధ్యకీ వచ్చి, "ఏలియా అన్నా, ఇది పొద్దస్తమానం సున్నం గోడ నాకుతాంది. మా పెద్దోడప్పుడు నాకూ అట్టాగే అనిపించేది" అంది. మగాళ్ళిద్దరూ అప్పటిదాకా కొట్టుకుంటున్నవాళ్ళు ఒక్కటైపోయి, "గుర్రాల సంగతి నీకేం తెలుసు, గమ్మునుండు" అన్నారు. ముసలి గుర్రానికి కడుపేమిటని వాళ్ళ ధీమా. నాకు మాత్రం తెలిసిపోయింది. పట్టీ పొట్టకి ఆనగానే లోపలనుంచి ఎవరో టక్కుమని తన్నారు. చెబుదామంటే నోరు కుట్టేసి ఉంది, కుట్టినవాడు ఏలియానే.

అసలు తాడు తీసి మళ్ళీ ఒక్కసారి కొలిస్తే వ్యవహారం బయటపడేది. ఏలియా కొలవడే! పట్టీకి ఒక అతుకు వేసి, అతుకు కనబడకుండా దాని మీద గజ్జెలు కుట్టి, "ఇది అలంకారం" అన్నాడు. మరో నెలకి ఇంకో అతుకు, ఇంకొన్ని గజ్జెలు. నేను జీనునా, గంగిరెద్దునా అన్నట్టు తయారయ్యాను.

మాఘమాసంలో మొదటి బేరం తగిలింది. పెళ్ళికొడుకు అంకమరావు, పత్తి గింజల కొట్టు యజమాని. అబ్బో, మనిషి నిండైన విగ్రహం. ఆ కబురు విన్న రోజునే షెడ్డు ఎదుటి టీకొట్టు దగ్గర సాయిబు నోరు జారాడు. "ఆయన్ని ఈ అతుకుల జీను మోస్తదా? తోలు పచ్చిగా ఉన్నప్పుడే కోసినట్టుండావు ఏలియా" అనేశాడు. టీకొట్టంతా నవ్వింది.

ఏలియా గ్లాసు కింద పెట్టాడు. మొహం కందగడ్డయింది. నడుముకి దోపుకున్న రంపి, అదే తోలు కోసే కత్తి, తీసి బల్ల మీద పెట్టాడు. తూట్లు పొడిచే ఆరె దాని పక్కన పెట్టాడు.

"అందరూ వినండయ్యా. ఊరేగింపులో నా జీను గుర్రం మీదనుంచి జారి కింద పడిందా, నా రంపి, నా ఆరె సాగర్ కాలవలో పారేస్తా. మళ్ళీ వాటిని ముట్టుకుంటే నేను మా అయ్య కొడుకునే కాదు. చాలా?"

ఇంక ఎవరూ నవ్వలేదు. ఏలియాకి ఆ పని తప్ప మరో పని రాదు. రాకపోవడం ఒక ఎత్తు, ఆ పని లేకపోతే అతను బతకలేడన్నది ఇంకో ఎత్తు. షెడ్డులో వంకెకి వేలాడుతూ ఆ మాట విన్నాక నా కుట్లన్నీ ఒక్కసారి వణికాయి. మాట అతను ఇచ్చాడు, నిలబెట్టాల్సింది నేను.

పెళ్ళినాడు పొద్దు వాలకముందే విడిదింటి నుంచి ఊరేగింపు బయల్దేరింది. అంకమరావు అంతకు ముందు పిట్టగోడ కూడా ఎక్కినవాడు కాడు. నలుగురు కింద, ఇద్దరు పైన పట్టుకుని అతన్ని నా మీదకి చేర్చారు. ఎక్కినప్పటినుంచీ నా ముందు కొమ్ముని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చూసేవాళ్ళు పెళ్ళికొడుకు భక్తిపరుడనుకున్నారు. బ్యాండు మోగుతోంది. సాయిబు కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తున్నాడు. ఏలియా నా పక్కనే, నా పట్టీ మీద అరచెయ్యి ఆనించి, నేను వేలెడంత జరుగుతానేమోనని చూస్తూ నడుస్తున్నాడు. నేను జరగలేదు. నా సామిరంగా, ఆ బరువుకి ఇంకో జీనైతే పెళ్ళికొడుకుతో సహా పక్కనున్న మురిక్కాలవలో ఉండేది.

ఎరువుల కొట్టు ముందుకి రాగానే కలెక్టరమ్మ ఆగిపోయింది. సాయిబు బెల్లం పెట్టాడు, తినలేదు. బ్యాండువాళ్ళు పాట మార్చారు, కదల్లేదు. ఒకాయన దిష్టి అన్నాడు, ఇంకొకాయన గ్యాసు అన్నాడు. నా పట్టీ కింద మాత్రం దాని పొట్ట మద్దెలలా బిగుసుకుంటోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుసుకుంటోంది. ముందుకాళ్ళు వణికాయి. సరిగ్గా అప్పుడు లోపలున్నవాడు ఏలియా అరచేతిలోనే తన్నాడు.

ఏలియా మొహం చూడాలి మీరు!

"ఓరి నా పొగరు తగలెయ్య! ఇది కొవ్వు కాదు సాయిబూ, ఇది చూలుది! ఈనేటట్టుంది!"

పట్టీ విప్పబోయాడు. బకిల్ కదల్లేదు. పైన అంకమరావు బరువు, కింద బిగిసిన పొట్ట, మధ్యలో అతుకుల మీద అతుకులు. దించుదామంటే అంకమరావు భయంతో నా కొమ్ము వదలడు. కలెక్టరమ్మ మోకాళ్ళు వంగుతున్నాయి. ఆ పట్టీ అలాగే బిగిసి ఉండగా అది కింద పడిందా, తల్లీ దక్కదు, పిల్లా దక్కదు.

ఏలియా చెయ్యి రంపి మీదకి పోయింది. పోయి ఆగింది. చుట్టూ టీకొట్టు జనమే ఉన్నారు. పట్టీ తెగితే నేను జారతాను. జారితే రంపి, ఆరె కాలవలో. ఆ చెయ్యి నాకు బాగా తెలుసు, వానాకాలమంతా నా మీద తిరిగిన చెయ్యి. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. కొయ్యరా, కొయ్యి, నా సంగతి పోనీ అని అరవాలనిపించింది.

ఒక్క కోత కోశాడు. నేను, ఇత్తడి పువ్వులు, గజ్జెలు, అంకమరావు, అందరం కలిసి జర్రున జారాం. నేను రోడ్డు మీద పడ్డాను. అంకమరావు బ్యాండువాళ్ళ పెద్ద డ్రమ్ము మీద పడ్డాడు. ఆ రోజు మొత్తానికి తాళంలో పడిన దెబ్బ అదొక్కటేనని బ్యాండు మేస్త్రి తర్వాత చెప్పుకున్నాడు.

కాశింబీ పరుగున వచ్చింది. మగాళ్ళందరినీ తరిమేసి, పెళ్ళివారి ఆడవాళ్ళ చేత చీర కొంగులు అడ్డం పట్టించి, ఎరువుల కొట్టు వాకిట్లో గోనెసంచులు పరిపించింది. కాసేపటికి గోధుమరంగు పిల్ల ఒకటి తడితడిగా బయటపడి, లేవబోయి కూలబడి, మళ్ళీ లేచింది. మండపంలోని ఆడపెళ్ళివారు కూడా ముహూర్తం సంగతి మర్చిపోయి చూడ్డానికి వచ్చేశారు. శుభశకునమని పురోహితుడు తేల్చాడు. అందరికంటే సంతోషించినవాడు అంకమరావు, మిగతా దారంతా హాయిగా నడిచి వెళ్ళాడు.

ఆ సందడిలో టీకొట్టు వాళ్ళెవరో, "ఏలియా, జీను జారిందిరోయ్!" అన్నారు. సరదాకే అన్నారు పాపం.

"జారింది. అందరూ చూశారుగా" అన్నాడు ఏలియా. మర్నాడు సాగర్ కాలవకి పోయి రంపి, ఆరె రెండూ విసిరేసి వచ్చాడు. సాయిబు వద్దని వెంటపడ్డాడు, కాళ్ళు పట్టుకోబోయాడు. వినలేదు. పత్తి మిల్లులో బస్తాలు మోయడానికి చేరాడు. షెడ్డు మూతపడింది. నేను తెగిన పట్టీతో సాయిబు ఇంటి వసారాలో పడి ఉన్నాను. ఎలుకలొచ్చి మఖమల్ రుచి చూసిపోయేవి, విదిలించుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది.

ఇంట్లో కాశింబీ సాయిబుని నిలువునా కడిగేసింది. "ఆయన బతుకుదెరువు కోసుకుని మన గుర్రాన్ని బతికించాడు. నువ్వు తోలు పచ్చిదన్నావు. తింటే ముద్దెట్టా దిగుద్దయ్యా నీకు?" మర్నాడు సాయిబు పొద్దున్నే కలెక్టరమ్మని, పిల్లని తోలుకుని ఎటో పోయాడు.

తర్వాత జరిగింది నేను చూడలేదు, కాశింబీ ఊరందరికీ చెబుతుంటే విన్నాను. సాయిబుకి ఈత రాదు. నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస కలెక్టరమ్మ మెడకి కట్టి, కాలవలో దిగాడట. కాళ్ళతో బురద కెలుకుతూ వెతికాడట. గట్టున కలెక్టరమ్మకి కాస్త దూరంలో పచ్చగడ్డి కనబడినప్పుడల్లా అది అటు నడిచేది, తాడుతో పాటు సాయిబు నీళ్ళలోనుంచి గట్టు మీదకి వచ్చిపడేవాడు. మళ్ళీ దిగేవాడు. చూసినవాళ్ళు కలెక్టరమ్మ చేపలు పడుతోందనుకున్నారు.

ఆ సాయంత్రం నన్ను భుజాన వేసుకుని, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఏలియా ఇంటికి వెళ్ళాడు. ఏలియా భుజాలకి నూనె రాసుకుంటూ అరుగు మీద ఉన్నాడు. సాయిబు నన్ను కింద పెట్టి, నా మీద రంపి పెట్టాడు.

"ఇది ఎవరిది ఏలియా?"

"నాది." చెయ్యి చాచబోయి వెనక్కి లాక్కుని, "కాదులే. పారేశాను" అన్నాడు.

"పారేసింది నీదెట్టా అవుద్ది? కాలవలో నాకు దొరికింది, ఇప్పుడిది నాది. నా జీనుకి పట్టీ తెగింది, నాకా కుట్టడం చేతగాదు. నా రంపితో కూలికి కుట్టేవాడు కావాల."

"నేను ఒట్టేశాను సాయిబూ."

"నీ రంపి ముట్టుకోనని వేశావు. నా రంపి ముట్టుకోనని యాడన్నావ్? పద, టీకొట్టు కాడ అందరినీ అడుగుదాం."

ఏలియా వంగి రంపిని చూశాడు. అప్పుడే దానికి తుప్పు మొదలైంది. "ఆరె ఏదీ?" అన్నాడు.

"దొరకలా. లోతుకి పోలేకపోయా, ఈత రాదుగా."

"ఈత రాకుండా కాలవలో దిగావా? నీ మొహం మండ! చస్తే ఏం చేసేవాడివి, ఆ కాశింబీకి నేనేం చెప్పేవాణ్ణి?" అని కేకలేస్తూనే బావురుమన్నాడు. సాయిబు కూడా ఏడ్చాడు. ఏడుస్తూనే, "తోలు మంచిదేనయ్యా, తోలు మంచిదే" అన్నాడు. నా జన్మలో నేను విన్న పొగడ్త అదొక్కటే. అది కూడా ముక్కు చీదుతూ చెప్పాడు.

ఏలియా లోపలికి వెళ్ళి గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చాడు. అతుకులన్నీ విప్పి పారేసి, సాయిబు రంపితో కొత్త ముక్క కోసి, అక్కడే అరుగు మీద నా పట్టీ కుట్టడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకోవడం, కుట్టడం, సాయిబుని తిట్టడం, మళ్ళీ కుట్టడం.

ఆ కుట్టు వంకరగా వచ్చింది. అటు తర్వాత వచ్చిన కుట్టుపనివాళ్ళు చాలామంది చూసి, విప్పి మళ్ళీ వేస్తామన్నారు. నా ఒంటి మీద ఎక్కడ చెయ్యి వేసినా ఊరుకుంటాను, పకోడీ పొట్లమైనా భరిస్తాను. ఆ కుట్టు జోలికొస్తే మాత్రం, అంకమరావుని పడేసినట్టు పడేస్తాను.